కృష్ణ వెనుక జలాల్లో చేపలు పట్టడానికి పుట్టి కొనాలా, ఫైబర్ పడవ కొనాలా?

ముందుగా మీ ప్రశ్నను క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ సొంతూరు కొల్లాపూర్ దగ్గర, ఉద్యోగం నల్లగొండలో. సెలవు రోజుల్లో శ్రీశైలం ప్రాజెక్టు వెనుక జలాల్లో చేపలు పట్టుకోవడానికి సొంతంగా ఒక పుట్టి (గుండ్రని బుట్ట పడవ) కొనాలా, ఫైబర్ పడవ కొనాలా, ఏ నెలల్లో నీళ్ల మీదికి వెళ్లడం క్షేమం, పదేళ్ల అబ్బాయిని వెంట తీసుకెళ్లవచ్చా అని అడిగారు.

నేను ఆత్మకూరు వైపు కృష్ణ ఒడ్డున పుట్టినవాడిని. మా నాయన రేవులో పుట్టి నడిపి మనుషులను, మేకలను, జాతర రోజుల్లో అద్దాల పెట్టెలతో సహా గాజుల వ్యాపారులను అవతలికి దాటించేవాడు. నేను ముప్పై రెండేళ్లుగా వల వేసి బతుకుతున్నాను. జూరాల ఆనకట్ట పైన, దాని కింద, ఆ తరువాత పెళ్లయ్యాక మీ కొల్లాపూర్ దగ్గరి సోమశిల వైపు. అందువల్ల నాకు తెలిసినంతవరకు వివరంగా రాస్తాను.

సూటిగా చెప్పాలంటే, మొదటి ఏడాది ఏదీ కొనవద్దు. మీ ఊరి మత్స్య సహకార సంఘంలో సభ్యుడైన ఒక జాలరితో మాట్లాడుకుని, అతని పడవలోనే కనీసం పది పన్నెండు సార్లు తిరగండి. ఆ తరువాత కూడా కొనాలనే ఉంటే, వెనుక జలాలకు పదహారు అడుగులకు తగ్గని ఫైబర్ పడవ కొనండి. పుట్టి పారే నదికి, రాళ్ల మధ్య లోతు తక్కువ ఉన్న నీటికి, చెరువుకు సరిపోయే సాధనం. విశాలమైన నిలువ నీటి మీద, గాలి లేచే చోట, నేర్చుకుంటున్న మనిషి చేతిలో పుట్టి ఉండకూడదు. పుట్టి ధర తక్కువ కాబట్టి దానితో మొదలుపెడదామని చాలామంది అనుకుంటారు. మీ ప్రశ్నలో కూడా ఆ ఆలోచన కనిపించింది కాబట్టి కారణాలు చెబుతాను.

పుట్టి అంటే వెదురు బద్దలతో అల్లిన పెద్ద గుండ్రని బుట్ట. మా నాయన కాలంలో దానికి బర్రె తోలు తొడిగేవారు. నాకు ఊహ తెలిసేసరికే తోలు పోయి యూరియా సంచులు, టార్పాలిన్ వచ్చాయి. వాటిమీద కాచిన తారు పూస్తారు. ఇప్పుడు ఫైబర్‌తో పోత పోసిన పుట్టీలు కూడా దొరుకుతున్నాయి. వల వేసుకునే పుట్టి ఏడెనిమిది అడుగుల వెడల్పు ఉంటుంది, ఒక మనిషి నెత్తిన బోర్లించుకుని మోసుకుపోగలడు. దానికి ముందు వెనుక లేదు, అడుగున వెన్నుకర్ర లేదు. జానెడు నీళ్లున్నా తేలుతుంది. బీచుపల్లి దగ్గర, పంచదేవ్‌పహాడ్ దగ్గర కృష్ణ బండరాళ్ల మధ్య పాయలు పాయలుగా పారుతుంది. అటువంటి చోట పొడుగు పడవ రాయికి అడ్డం పడి నీటి ఒత్తిడికి తిరగబడుతుంది, పుట్టి మాత్రం రాయిని రాసుకుని గిర్రున తిరిగి పక్కకు జారిపోతుంది. అక్కడ దానికి సాటి వచ్చేది లేదు.

అయితే దానికి మేలు చేసే ఆ గుణమే వెనుక జలాల్లో కీడు చేస్తుంది. నీటిలోకి దిగే భాగం తక్కువ కాబట్టి నీళ్లు దాన్ని పట్టి ఉంచవు, పైకి ఉన్న అంచును గాలి పట్టుకుంటుంది. తెడ్డు వేయడం కూడా చూసినంత సులువు కాదు. ముందు అంచు దగ్గర మోకాళ్ల మీద కూర్చుని, తెడ్డును చేయి చాచినంత దూరం ముందుకు వేసి, నీటిని కొద్దిగా ఎడమకు, కొద్దిగా కుడికి మెలితిప్పుతూ తన వైపు లాక్కోవాలి. పక్కన తెడ్డు వేస్తే పుట్టి ఉన్నచోటనే తిరుగుతుంది. మా చిన్నాయన నాకు ఇది నేర్పినప్పుడు, మడుగు మధ్యలో ఒక కర్ర పాతి, "ఆ కర్ర నీ ముక్కు ముందర నుంచి తప్పకుంట దాని దాక పోరా" అన్నాడు. నలభై అడుగుల దూరం వంకర లేకుండా పోవడానికి నాకు పదిహేను రోజులు పట్టింది. అప్పుడు గాలి కూడా లేదు.

శ్రీశైలం వెనుక జలాలు మాత్రం వేరే లెక్క. జూరాలలో పట్టే నీరు పది టీఎంసీలకు లోపే. శ్రీశైలంలో రెండు వందల పైచిలుకు, నాగార్జునసాగర్‌లో 312. ప్రాజెక్టు నిండుగా ఉన్నప్పుడు సోమశిల దిగువన కొన్ని చోట్ల అవతలి ఒడ్డు సన్నని గీతలా కనిపిస్తుంది. అంత వెడల్పున గాలికి అడ్డు ఉండదు కాబట్టి ఇవతలి ఒడ్డున చిన్న అలగా మొదలైనది మధ్యకు వచ్చేసరికి మోకాలెత్తు అవుతుంది. 2007 జనవరిలో నెహ్రూనగర్ నుంచి మంచాలకట్ట వైపు వస్తున్న పడవ మునిగి అరవై ఒక్కమంది చనిపోయిన సంగతి మీ ఊరివారికి తెలిసే ఉంటుంది. మా ఇంట్లో ఆ ఏడాది సంక్రాంతిని గురించి మాట్లాడుకున్నప్పుడల్లా ఆ మాటే వస్తుంది. జనవరి నెల మా దగ్గర నీళ్లు ప్రశాంతంగా ఉండే కాలం. పడవకు మించి జనం ఎక్కితే కాలం ఏదైనా ఒకటే.

నాకు జరిగినదీ చెబుతాను. ఒక ఏడాది మే నెలలో, మధ్యాహ్నం మూడు దాటాక, నేనూ మా బామ్మర్దీ ఒకే పుట్టిలో వల తీయడానికి వెళ్లాము. ఉదయం నుంచి ఉక్కగా ఉంది. వల సగం లాగేసరికి ఉన్న కాస్త గాలి కూడా పూర్తిగా ఆగిపోయింది, నీళ్లు నూనె పోసినట్టు నున్నగా అయ్యాయి. చెట్టు మోడు మీద కూర్చున్న నీటికాకులు ఒక్కసారిగా లేచి ఒడ్డు వైపు వెళ్లిపోయాయి. ఆ గుర్తు నాకు తెలియనిది కాదు, కానీ వలలో బొచ్చె చేపలు బరువుగా ఉన్నాయి, ఇంకొక పది బారలు లాగితే అయిపోతుందనుకున్నాను. పడమటి నుంచి దుమారం వచ్చింది. పుట్టి మొదట గిర్రున తిరిగి, తరువాత ఒక పక్క అంచు లేచింది. వల తాడు పుట్టి అంచుకు కట్టి ఉంది, అదే మమ్మల్ని అలకు ఎదురుగా పట్టి ఉంచి నీళ్లు నింపుతోంది. నేను కొడవలితో తాడు కోసేశాను. ఇద్దరం అడుగున వెల్లకిలా పడుకున్నాము, బామ్మర్ది ఒక చేత్తో అంచు పట్టుకుని ఇంకొక చేత్తో పెయింట్ డబ్బాతో నీళ్లు తోడాడు. తెడ్డు వేయాలనే ప్రయత్నమే చేయలేదు. గాలి ఎటు తోస్తే అటు పోయి, చీకటి పడ్డాక ఎక్కడో తుమ్మచెట్ల మధ్య తేలాము. వల పోయింది, చేపలు పోయాయి. ఆ రోజు ఇద్దరిలో ఎవరు లేచి నిలబడినా ఈ సమాధానం రాయడానికి నేను ఉండేవాడిని కాదు.

ఆ అనుభవం నుంచి మూడు విషయాలు చెబుతాను. వల తాడును పడవకు కట్టినా, ఒక్క లాగుతో ఊడే ముడి వేయాలి, పదునైన కత్తి చేతికి అందేచోట ఉండాలి. తాడును చేతికి, నడుముకు, కాలికి ఎప్పుడూ చుట్టుకోకూడదు; ఈత వచ్చిన జాలరులు మునిగిపోవడానికి మేము చూసిన కారణాల్లో కాలికి వల చుట్టుకోవడం మొదటిది. ఇక గాలి హఠాత్తుగా ఆగి నీళ్లు నున్నబడితే, వలలో ఏమున్నా వదిలి ఒడ్డుకు రావాలి.

ఏ నెలలు మంచివి? దీపావళి దాటాక కార్తికం నుంచి మాఘం దాకా, అంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, మీకు అనువైన కాలం. అప్పటికి వరద తగ్గి ఉంటుంది, నీళ్లు తేటపడతాయి, ఉదయం తొమ్మిది పది దాకా గాలి ఉండదు. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు దట్టంగా కమ్ముతుంది కాబట్టి ఒడ్డు కనిపించేదాకా బయలుదేరవద్దు. మార్చి తరువాత ఉదయం పూటే వెళ్లి పదకొండు లోపు తిరిగి రావాలి. జూన్ నుంచి అక్టోబరు దాకా మీవంటి వారు నీళ్ల మీదికి వెళ్లనే వద్దు. పడమటి గాలులు ఒక కారణం, వరద ఇంకొక కారణం. పైన కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ నిండాక కృష్ణ వరద మొదట జూరాలకు వస్తుంది, జూరాల చిన్నది కాబట్టి అక్కడ ఎక్కువసేపు ఆగదు, గేట్లు ఎత్తుతారు. ఇక్కడ చినుకు పడకపోయినా ఎక్కడో మహాబలేశ్వరం కొండల్లో కురిసిన వాన మీ కాళ్ల కిందికి వస్తుంది. 2020 ఆగస్టులో పంచదేవ్‌పహాడ్ దగ్గర పుట్టి మునిగినప్పుడు నది అటువంటి ఉరవడితోనే ఉంది.

ఇక్కడ ఒక జాగ్రత్త ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే పట్నం నుంచి వచ్చేవారు దీన్ని అసలు ఊహించరు. ఆనకట్ట దిగువన, ముఖ్యంగా కరెంటు తయారుచేసే చోట, నీటిమట్టం వానతో సంబంధం లేకుండా పెరుగుతుంది. సాయంత్రం కరెంటు వాడకం పెరిగే వేళ టర్బైన్లు తిప్పితే, అంతవరకు మడమ లోతు ఉన్న పాయ గంటలోపే నడుము లోతు అవుతుంది. జూరాల కింద బండ మీద గాలం వేసుకుని కూర్చున్న ఇద్దరు కాలేజీ పిల్లలను నేను ఒకసారి పుట్టిలో ఇవతలికి తెచ్చాను. వాళ్లు వచ్చేటప్పుడు చెప్పులు తడవకుండా నడిచి వచ్చిన దారి అప్పటికి కనిపించడం లేదు. అప్పటినుంచి నేను ఎవరికి చెప్పినా ఇదే చెబుతాను: కూర్చున్న వెంటనే నీటి అంచున ఒక పుల్ల గుచ్చండి. పావుగంటకు ఒకసారి చూడండి. పుల్ల చుట్టూ నీళ్లు చేరితే గాలం సర్దుకుని ఒడ్డుకు వచ్చేయండి. బండ మీద తడి ఆరని గుర్తు మీ తలకన్నా ఎత్తులో ఉంటే ఆ బండ ఎక్కనే వద్దు.

వెనుక జలాల్లో ఇంకొక చిక్కు నీళ్ల కింద ఉంది. శ్రీశైలం నిండినప్పుడు ఊళ్లకు ఊళ్లే మునిగాయి. నిండుగా ఉన్నప్పుడు వాటి మీద నుంచి పోయినా తెలియదు. నీళ్లు తగ్గుతూ వచ్చే ఫిబ్రవరి, మార్చి నెలల్లో పాత గోడలు, బావుల గట్లు, తుమ్మ మోళ్లు, తాటి మొద్దులు నీటికి జానెడు లోతున ఉంటాయి. తాటి మొద్దు మరీ ప్రమాదం. అది నల్లగా, నీళ్ల రంగులోనే ఉంటుంది, నీళ్లు నిలకడగా ఉంటే పైన అల కూడా లేవదు. ఇంజిన్ పడవ వేగంగా పోయి దాని మీద ఎక్కితే అడుగు చీలుతుంది, పుట్టి అయితే టార్పాలిన్ చిరుగుతుంది. ఏ మోడు ఎక్కడుందో ఆ ఊరి జాలరులకు గుర్తే. మొదటి ఏడాది వాళ్లతోనే తిరగమని చెప్పడానికి ఇది ముఖ్య కారణం. ఆ లెక్క ఏ ఫోనులోనూ దొరకదు.

ఫైబర్ పడవ కొనేటప్పుడు చూడవలసినవి కొన్ని ఉన్నాయి. అడుగు మరీ చదునుగా కాకుండా మధ్యలో గీత దేలి ఉండాలి. ముందూ వెనుకా గాలి గదులు మూసి ఉండాలి, అంటే పడవ నీళ్లతో నిండినా తేలాలి. అమ్మేవాడు తేలుతుందని నోటితో చెబితే చాలదు, ఒడ్డున నడుము లోతులో నీళ్లు నింపించి మీ కళ్లతో చూడండి. నేను కొన్న మొదటి పడవ గాలి గదులలో ఒకదానికి అతుకు సరిగా లేదు, మూడో నెలలోనే లోపల నీళ్లు చప్పుడయ్యాయి. రెండు తెడ్లు, ముప్పై బారల తాడు, లంగరు, నీళ్లు తోడే డబ్బా, ఎంతమంది ఎక్కితే అన్ని లైఫ్ జాకెట్లు పడవతో పాటే ఉండాలి. ఇంజిన్ పెట్టదలిస్తే 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ కావాలి. మొదట తెడ్డుతోనే నేర్చుకోండి. ఇంజిన్ ఆగిపోయిన రోజు మిమ్మల్ని ఒడ్డుకు చేర్చేది తెడ్డే.

అనుమతుల సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పడం అవసరం. చెరువుల్లో చేపలు మత్స్య సహకార సంఘానివి. కౌలు కట్టి, చేపపిల్లలను వదిలి, కాపలా కాసి పెంచుకుంటారు. ప్రాజెక్టుల్లో వల వేయాలంటే మత్స్యశాఖ లైసెన్సు ఉండాలి. మన బొచ్చె, రవ్వ, ఎర్రమోసు నిలువ నీటిలో పిల్లలు పెట్టవు, వాటికి పారే నీరు కావాలి. అందుకే చెరువుల్లో ఏటా చేపపిల్లలను వదలవలసి వస్తుంది. అంటే వలలో పడే ప్రతి బొచ్చె వెనుక ఎవరో ఒకరి ఖర్చు, కష్టం ఉన్నాయి. మీరు వల జోలికి పోకుండా గాలంతోనే సరిపెట్టుకోండి, అదీ సంఘం పెద్దను అడిగి. మంచిగా అడిగితే మా వాళ్లు కాదనరు. సోమశిల దాటి కిందికి పోతే నల్లమల ఒడ్డు అమ్రాబాద్ పులుల అభయారణ్యం కిందికి వస్తుంది, అటవీశాఖ అనుమతి లేకుండా అక్కడ దిగకూడదు. మొసళ్లు కూడా ఉన్నాయి. జూరాల ప్రాంతంలో కూడా ఉన్నాయి. చీకటి వేళ ఒడ్డున నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చోవద్దు, చేపలు కడిగిన నీళ్లు కూర్చున్న చోటనే పారబోయవద్దు.

అలివి వల గురించి ఒక మాట. దోమతెర వంటి సన్నని కన్నుతో ఒడ్డు నుంచి ఒడ్డుకు నీళ్లను జల్లెడ పట్టినట్టు లాగే వల అది. నిషేధం ఉన్నా వెనుక జలాల్లో దొంగచాటుగా లాగుతూనే ఉన్నారు. చిటికెన వేలంత బొచ్చె పిల్లలు కుప్పలుగా ఒడ్డున ఎండుతుంటే చూశాను. ఏడాది ఆగితే వాటిలో ప్రతి ఒక్కటీ కిలోకు అటూ ఇటూగా పెరిగేది. ఎవరైనా చవకగా చిన్న చేపలు ఇస్తామంటే దయచేసి కొనవద్దు. కొనేవాడు ఉన్నంతకాలం లాగేవాడు ఉంటాడు. అలాగే తొలకరికి చెరువు అలుగు దగ్గర, వాగులో, పొట్టనిండా గుడ్లతో ఎదురెక్కే చేపలను కర్రలతో కొట్టి పట్టడం మన ఊళ్లలో సరదాగా మారింది. అవి కొర్రమీనులు కావచ్చు, జెల్లలు కావచ్చు, పరకలు కావచ్చు. ఆ పది రోజులు వాటిని వదిలేస్తే మరుసటి ఏడాది చెరువులో మనం వదలని చేపలు కూడా ఉంటాయి.

గాలానికి ఏ ఎర మంచిదన్నది మీరు వెళ్లే నీటిని బట్టి ఉంటుంది. రవ్వకు తవుడు, వేరుశనగ చెక్క కలిపి చిక్కగా పిసికిన ఉండ పెట్టి, బెండు కదలగానే గుంజకుండా అది పక్కకు పోయేదాకా ఆగాలి. జెల్లకు వానపాము చాలు. వాలుగ రాత్రిపూట తిరిగే చేప, కోడి పేగులకు వస్తుంది, కానీ మీరు రాత్రి నీళ్ల దగ్గర ఉండవద్దు కాబట్టి దాన్ని మరిచిపోండి. జెల్లను గాలం నుంచి తీసేటప్పుడు వీపు మీద ఒకటి, రెక్కలకు ఒక్కొక్కటి ముళ్లు ఉంటాయి. అరచేతిని కడుపు వైపు నుంచి పోనిచ్చి, రెక్క ముళ్ల వెనుక వేళ్లు బిగించి పట్టుకోవాలి. గుచ్చుకుంటే ఆ పోటు సాయంత్రం దాకా తగ్గదు, ఓర్చుకోగలిగినంత వేడినీటిలో చేయి పెడితే కొంత ఉపశమనం.

నల్లగొండలో ఉంటున్నారు కాబట్టి చెరువుల విషయం కూడా క్లుప్తంగా. సంఘం ఒప్పుకుంటే పానగల్లు ఉదయసముద్రం వంటి చోట ఒడ్డున గాలం వేసుకోవచ్చు. చెరువులో మా వాళ్లు థర్మకోల్ పలకలకు వల చుట్టి చేసుకున్న తెప్పల మీద, లారీ ట్యూబుల మీద తిరగడం మీరు చూసి ఉంటారు. అది వాళ్ల చిన్ననాటి అలవాటు, మీరు ఎక్కవద్దు. పూడిక తీసిన చెరువుల్లో గుంతలు ఉంటాయి, మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో మనిషి లోతుకు దిగిపోతుంది. తూము తెరిచి ఉన్నప్పుడు దాని చుట్టుపక్కల ఈత కొట్టకూడదు. పారుతున్న అలుగు మీద నాచు ఉంటుంది, నడవకూడదు.

చివరగా మీ అబ్బాయి. తీసుకురండి. నేను ఆరేళ్లకే పుట్టి ఎక్కాను, పిల్లలకు నీళ్లు పరిచయం కావడం మంచిదే. కానీ వరుస తప్పవద్దు. మొదట ఒడ్డున గాలంతో కూర్చోబెట్టండి. తరువాత ఈత నేర్పించండి, అదీ బట్టలతోనే, ఎందుకంటే పడేటప్పుడు బట్టలతోనే పడతాడు. పిల్లల కొలతకు కుట్టిన లైఫ్ జాకెట్ కొనండి, పెద్దవాళ్లది బిగించి వేస్తే నీళ్లలో పడగానే అది పైకి లేచి పిల్లవాడు కిందికి జారుతాడు. కాళ్ల మధ్య నుంచి వచ్చే పట్టీ ఉన్నది చూసుకోండి. నడుము లోతు నీళ్లలో మీరు పక్కన నిలబడి, జాకెట్‌తో అతన్ని వెల్లకిలా తేలనివ్వండి. గడ్డం నీళ్లపైన ఉండి, భయం లేకుండా మీతో మాట్లాడగలిగిన రోజు పడవ ఎక్కించండి. ఆ మొదటి రోజు ఒడ్డు వెంబడే, గాలి లేని ఉదయం, ఒక గంట మాత్రమే.